చేతి దెబ్బకూ ఎఫ్‌ఐఆర్ ఉండాలి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాసనసభ్యులకు,

నమస్కారం. నేను ఒంగోలులో ఉంటూ రెండు జిల్లాల మేజిస్ట్రేట్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని. మీ పార్టీలు వేరు కావచ్చు. కానీ పొద్దున్నే మీ అందరి ఇళ్ల ముందూ కూర్చునే జనంలో, తనను ఎవరో కొట్టారని చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు తప్పకుండా ఉంటారు. స్టేషన్‌కు ఒక్క ఫోను చేయమని అడుగుతారు. మీరు చేస్తారు కూడా. ఆ ఫోను అవసరం ఎందుకు పడుతోందో చెప్పడానికే ఈ లేఖ. కొన్నిసార్లు తప్పు ఎస్సైది అయి ఉంటుంది. చాలాసార్లు మాత్రం తప్పు చట్టంలోనే ఉంది. దాన్ని సరిదిద్దే అధికారం కొంతవరకు మీ చేతుల్లో ఉంది.

ఒకరిని చేత్తో కొట్టి నొప్పి కలిగిస్తే అది భారతీయ న్యాయ సంహిత 115(2) కింద నేరం. 2024 జూలై 1కి ముందు అదే ఐపీసీ 323. శిక్ష ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 1860 నాటి శిక్షాస్మృతిలో ఆ జరిమానా వెయ్యి రూపాయలు దాటకూడదని రాశారు. వెయ్యి రూపాయలకు పొలం వచ్చే రోజుల నుంచి వెయ్యి రూపాయలకు నెల సరుకులు కూడా రాని రోజుల దాకా ఆ అంకె కదలలేదు. కొత్త చట్టం దాన్ని పదివేలు చేసింది. మంచిదే. కానీ జనాన్ని స్టేషన్ గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి పంపుతున్నది జరిమానా మొత్తం కాదు. ఈ నేరాన్ని నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడని నేరం, అని ముద్ర వేసి ఉంచడమే. బ్రిటిష్ వాళ్ల కాలంలో పడిన ఆ ముద్రను చట్టాలన్నీ తిరగరాసిన 2023లో కూడా ఎవరూ తీసేయలేదు.

ఆ ముద్ర పడితే ఏమవుతుందో పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ చెబుతుంది. ఎస్సై ఫిర్యాదు సారాంశాన్ని పుస్తకంలో రాసుకుంటాడు. బాధితుణ్ణి మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లమని చెబుతాడు. మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా దర్యాప్తు చేయకూడదు, సాక్షులను పిలవకూడదు, కొట్టినవాణ్ణి ప్రశ్నించకూడదు. ఎఫ్‌ఐఆర్ అయితే దాని కాపీ ఉచితంగా ఇవ్వాలని 173వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఈ పుస్తకంలో రాసుకున్న దానికి కాపీ ఇవ్వాలని 174 చెప్పదు. ఇంట్లోంచే ఫోనులో ఫిర్యాదు పంపే సౌకర్యం, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకునే హక్కు అని కొత్త చట్టం గురించి గొప్పగా చెప్పుకున్నవన్నీ పోలీసులు నేరుగా కేసు కట్టగల కాగ్నిజబుల్ నేరాలకే. చెంపదెబ్బ తిన్నవాళ్లకు అందులో ఏదీ లేదు. ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లో లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు కూడా కాగ్నిజబుల్ నేరాల గురించే.

ఇది చిన్న నేరం కాబట్టి పోలీసుల దాకా ఎందుకు అంటారా? అయితే చట్టం దేన్ని చిన్నదిగా చూస్తోందో, దేన్ని పెద్దదిగా చూస్తోందో ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. నడిచే దారికి అడ్డంగా నిలబడి కదలనివ్వకపోతే అది న్యాయ సంహిత 126(2), శిక్ష నెల రోజులు. అది కాగ్నిజబుల్. నలుగురిలో బూతులు తిడితే 296, శిక్ష మూడు నెలలు. అదీ కాగ్నిజబుల్. అదే మనిషి దారికి అడ్డం రాకుండా, నోరు మెదపకుండా వచ్చి చెంప పగలగొడితే, శిక్ష ఏడాది దాకా ఉన్నా, పోలీసు కదలడానికి వీల్లేదు. చేతిలోని ఫోను లాక్కుని పారిపోతే 304వ సెక్షన్ కింద వెంటనే కేసు. ఆ ఫోను పట్టుకున్న మనిషిని కొట్టి, ఫోను మాత్రం అక్కడే వదిలేసి వెళ్తే కోర్టుకు పోవాలి.

ఇంకొకటి. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి మీద చేయి చేసుకుంటే 132వ సెక్షన్, బెయిలు హక్కుగా దొరకని నేరం. దెబ్బ తగిలితే 121(1), అయిదేళ్ల దాకా జైలు. ఐపీసీలో అది మూడేళ్లే ఉండేది. ఉద్యోగికి ఆ రక్షణ ఉండాలి, నేను దాన్ని తగ్గించమనడం లేదు. రాత్రి బస్సులో కండక్టరును, క్యాజువాల్టీలో నర్సును కొట్టినవాడికి ఆ సెక్షన్ పడాల్సిందే. కానీ ఎమ్మార్వో కార్యాలయంలో ఒక గుమాస్తా చెంప మీద దెబ్బ పడితే పోలీసు జీపు వస్తుంది. ఆ కార్యాలయం గేటు బయట కొబ్బరి బొండాలు అమ్మే మనిషికి అదే దెబ్బ పడితే, కోర్టుకు వెళ్లి దరఖాస్తు పెట్టుకోమంటారు. ఇద్దరూ ఓటర్లే. ఇద్దరి దగ్గరికీ మీరు ఎన్నికలప్పుడు చేతులు జోడించి వెళ్తారు.

ఈ చట్టం జనం చేత ఏం చేయిస్తోందో నేను దగ్గరగా చూశాను. ప్రకాశం జిల్లాలో పచ్చి పొగాకును బ్యారన్ అనే కొట్టాల్లో వేడి పెట్టి ఆరబెట్టే కాలంలో ఒక బ్యారన్ దగ్గర ఆకు అల్లే ఆవిడకూ మేస్త్రికీ కూలి లెక్కలో తేడా వచ్చింది. మాటా మాటా పెరిగింది. మేస్త్రి ఎడమ చెంప మీద కొట్టాడు. దెబ్బ చెవి దాకా తగిలింది. ప్రభుత్వ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చూసి, ఎడమ చెంప మీద వాపు ఉందని, చెవిలో హోరు వినిపిస్తోందని బాధితురాలు చెబుతోందని రాసి, కింద సింపుల్, అంటే మామూలు గాయం, అని రాశాడు. స్టేషన్‌లో ఆమె చెప్పింది విన్నారు, రాసుకున్నారు, కాగితం ఇవ్వలేదు. బయట అర్జీలు రాసే ఆయన ఉన్నాడు. అనుభవం ఉన్నవాడు, చెడ్డవాడు కాదు. చేత్తో అని రాస్తే కేసు కట్టరు, కర్రతో కొట్టాడని రాద్దాం, ఇంటికి పోతుంటే దారి కాచాడని కూడా కలుపుదాం అన్నాడు. దారి కాయడం ఒక్కటి ఉన్నా చాలు, మిగతాది కూడా కాగ్నిజబుల్ అయిపోతుంది. అలా ఒక్క సెక్షన్ కలిస్తే మొత్తం కేసు కాగ్నిజబులే అని చట్టమే చెబుతోంది.

ఆవిడ అన్న మాట ఇది: "అన్నా, అతను చేత్తోనే కొట్టాడు. అక్కడ పదిమంది చూశారు. కర్ర అని నువ్వు రాస్తే, రేపు కోర్టులో వాళ్లు నా తరఫున కర్ర అని చెబుతారా?"

ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. చదువు లేని ఆ మనిషికి సాక్ష్యం అంటే ఏమిటో తెలుసు. అబద్ధం ఒకటి కలిపితే నిజం చెప్పేవాళ్లంతా చేజారిపోతారని తెలుసు. చివరికి ఆవిడ అర్జీ పెట్టలేదు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని ఆసుపత్రి ఖర్చులు ఇప్పించారు. మిగిలిన కాలమంతా ఆవిడ వేరే బ్యారన్‌కు పనికి వెళ్లింది. దెబ్బ కొట్టిన మేస్త్రి మాత్రం అదే బ్యారన్ దగ్గర కూలి లెక్క రాస్తూనే ఉన్నాడు.

ఆవిడలా కాదనకుండా, కర్రకు ఒప్పుకున్నవాళ్ల కేసులు ఎలా ముగుస్తాయో కూడా చెప్పాలి. నెల్లూరు జిల్లాలో రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే ఒకతన్ని గుంట లీజుకు తీసుకున్న మనిషి కొట్టాడు. కొట్టడం నిజం, ఊరంతటికీ తెలుసు. ఫిర్యాదులో కర్ర చేరింది. విచారణకు వచ్చేసరికి ఆ కర్ర పొడవెంత, లావెంత, ఎవరు స్వాధీనం చేసుకున్నారు అనే ప్రశ్నలు మొదలయ్యాయి. డాక్టరు గాయాల గురించి రాసిచ్చిన వూండ్ సర్టిఫికెట్‌లో ఉన్న వాపు పిడికిలి దెబ్బ వల్ల కూడా రావచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు. సాక్షి ఒకడు చేత్తోనే కొట్టాడని ఉన్నమాట చెప్పేశాడు. కేసు కొట్టేశారు. మేజిస్ట్రేటు చేయగలిగింది కూడా ఏమీ లేదు. బాధితుడే అబద్ధం చెప్పాడని రికార్డులో తేలింది. కర్ర అబద్ధం కావడంతో దెబ్బ కూడా అబద్ధమైపోయింది. రేపు అదే లీజుదారు మళ్లీ చేయి ఎత్తితే, ఇతను పెట్టేది దొంగ కేసులు అని చూపించడానికి అతని చేతిలో కోర్టు తీర్పు ఉంది.

సార్లూ, అమ్మలూ, నేను ఈ లేఖలో చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. నిజం చెప్పినవాణ్ణి వెనక్కి పంపి, కర్ర కలిపినవాడికే ఎఫ్‌ఐఆర్ రాసే చట్టం, పేదవాళ్లకు అబద్ధం నేర్పుతోంది. ఆ తర్వాత అబద్ధం చెప్పారని వాళ్లనే శిక్షిస్తోంది.

కోర్టుకు వెళ్లమంటారు కదా, ఆ దారి ఎలా ఉంటుందో కూడా చూడండి. ప్రైవేటు కంప్లయింట్ వేయాలి, అంటే బాధితుడే నేరుగా మేజిస్ట్రేటుకు ఫిర్యాదు ఇవ్వాలి. ప్రమాణ వాంగ్మూలం ఇవ్వాలి. నాగరిక్ సురక్షా సంహితలో 223వ సెక్షన్ ఒక మెలిక పెట్టింది. కేసును విచారణకు తీసుకునే ముందే నిందితుడికి నోటీసు ఇచ్చి, అతను చెప్పుకునేది వినాలి. అంటే కేసు ఇంకా పుట్టకముందే కొట్టినవాడు లాయరుతో వచ్చి నిలబడతాడు. పోలీసు దర్యాప్తు లేదు కాబట్టి సాక్షులను వెతుక్కోవడం, తెచ్చుకోవడం బాధితుడి పనే. ఏడాదిలోపు ఇదంతా మొదలు కాకపోతే కాలపరిమితి దాటిపోతుంది. అన్నిటికన్నా బాధాకరమైనది 279వ సెక్షన్. వాయిదాకు ఫిర్యాదుదారు రాకపోతే, ముప్పై రోజుల గడువు ఇచ్చి చూసి, అప్పటికీ రాకపోతే నిందితుణ్ణి నిర్దోషిగా వదిలేయవచ్చు. మిరప కోతలకు పల్నాడు పోయిన కూలీ, వేట మీద సముద్రంలో ఉన్న మత్స్యకారుడు, బెంగళూరులో భవన నిర్మాణంలో ఉన్న ఉదయగిరి మెట్ట ప్రాంతపు తాపీ పనివాడు వాయిదాకు రాలేకపోయినందుకు, కొట్టినవాడు నిర్దోషి అయి ఇంటికి పోతాడు. పోలీసు కేసు అయితే సర్కారు తరఫున ప్రాసిక్యూటరు ఉంటారు, బాధితుడు ఒక వాయిదాకు రాకపోయినా కేసు ఆగదు.

కొందరు ఎస్సైలు ఈ చిక్కు తెలిసి, మంచి ఉద్దేశంతోనే బైండోవర్ చేయిస్తారు. తహసీల్దారు ముందు శాంతిగా ఉంటామని బాండు రాయించుకుంటారు. గొడవ ముదరకుండా ఆపడానికి అది పనికొస్తుంది. కానీ సాధారణంగా ఇరువర్గాలనూ కలిపి బైండోవర్ చేస్తారు. కొట్టినవాడూ, దెబ్బ తిన్నవాడూ ఒకే బల్ల ముందు నిలబడి ఒకే రకం కాగితం మీద సంతకం పెడతారు. తను చేసిన తప్పేమిటని దెబ్బ తిన్నవాడు అడిగితే చెప్పడానికి ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

దెబ్బ ఎంత పెద్దదో తేల్చే పద్ధతి గురించి కూడా ఒక మాట. ఎముక విరిగినా, పన్ను ఊడినా, కన్ను పోయినా, చెవి శాశ్వతంగా వినపడకపోయినా అది న్యాయ సంహిత 116వ సెక్షన్ కింద తీవ్ర గాయం, అప్పుడు అంతా మారిపోతుంది. ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. కేసు పోలీసులే నడుపుతారు. విరగకపోతే, పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో ఉండేంత, లేదా తన రోజువారీ పనులు చేసుకోలేనంత దెబ్బ అని చూపించాలి. పాత చట్టంలో అది ఇరవై రోజులు, కొత్తలో అయిదు రోజులు తగ్గించారు. కూర్చుని చేసే ఉద్యోగికి పదిహేను రోజులు అంటే సెలవు చీటీ. రోజు కూలీకి పదిహేను రోజులు అంటే ఆ నెల బియ్యం. మణికట్టు బెణికి పది రోజులు ఆకు అల్లలేకపోయినా, నాట్లు వేయలేకపోయినా, వల లాగలేకపోయినా చట్టం దృష్టిలో అది మామూలు గాయమే. ఇంకో చేత్తో అన్నం తినగలుగుతోంది కదా అని లెక్క. పళ్లెం ముందు కూర్చోగలగడం, పనికి పోగలగడం ఒకటి కాదని ఈ జిల్లాల నుంచి గెలిచిన మీకు నేను చెప్పనక్కరలేదు.

జరిమానా పడినా అది సర్కారు ఖజానాకు పోతుంది. అందులోంచి బాధితుడికి ఇవ్వాలని నాగరిక్ సురక్షా సంహిత 395వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ప్రత్యేకంగా ఆదేశిస్తేనే కూలి పోయినవాడి చేతికి ఏమైనా వస్తుంది.

ఇవన్నీ చిన్న విషయాలు అనుకునేవాళ్లకు ఈ నేల చరిత్రే గుర్తు చేయాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమమే 1993లో రాష్ట్రంలో సారా నిషేధానికి దారి తీసింది. వాళ్లు సభల్లో చెప్పుకున్న బాధల్లో మొదటి వరసలో ఉన్నది మగవాళ్లు తాగొచ్చి కొట్టడం. అప్పటికి గృహహింస చట్టం లేదు, అది 2005లో వచ్చింది. భార్యను భర్త, అత్తింటివాళ్లు హింసించడాన్ని నేరం చేసిన ఐపీసీ 498ఎ ఉన్నా ప్రతి దెబ్బా దాని కిందికి రాదు. మిగిలింది 323, అంటే కోర్టుకు పో అనడమే. దుకాణం మూయించడం తప్ప తమ ఒంటి మీద దెబ్బలు ఆపే దారి వాళ్లకు మరొకటి కనిపించలేదని నేను అనుకుంటాను. ఒంటరిగా ఒక్కొక్కరూ మోసిన దెబ్బలు ఊరుమ్మడి కోపంగా మారడానికి అన్నేళ్లు పట్టింది.

కారంచేడు గురించి రాయడం నాకు సులువు కాదు. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది, 1985లో ప్రకాశం జిల్లానే. మంచినీళ్ల చెరువు దగ్గర నీళ్లు పాడుచేయవద్దన్నందుకు మొదటి రోజు ఒక దళిత బాలుడి మీద చేయి చేసుకున్నారు. అడ్డు వచ్చిన మహిళ మీదికీ వెళ్లారు. మర్నాడు, జూలై 17న, ఊరి మీద పడి ఆరుగురు దళితులను చంపారు. మొదటి రోజు జరిగినదాన్ని మాత్రమే విడిగా తీసుకుంటే, పోలీసు పుస్తకంలో అది చిన్న కొట్లాటగానే మిగిలేది. చేయి ఎత్తినవాడికీ, దెబ్బ తిన్నవాడికీ మధ్య ఉన్న బలం తేడాను లెక్కలోకి తీసుకోకుండా గాయం పొడవు, వెడల్పు మాత్రమే కొలిచే చట్టానికి ఆ తేడా కనపడదు. ఆ నెత్తుటి తర్వాతే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 2016 నుంచి అమల్లో ఉన్న సవరణతో మామూలు గాయం కూడా ఆ చట్టం పరిధిలోకి వచ్చింది. దళితులు, గిరిజనులు పోరాడి తెచ్చుకున్న ఆ చట్టం ఒక విషయం రుజువు చేసింది. చేతి దెబ్బను కాగ్నిజబుల్ చేస్తే దేశం మునిగిపోదు. అయితే ఆ రక్షణ ఆ చట్టం వర్తించేవాళ్లకే. మేస్త్రి చేతిలో దెబ్బ తిన్న బీసీ కూలీకి, యజమాని చేతిలో దెబ్బ తిన్న ముస్లిం మెకానిక్కుకు, అన్న కొడుకు చేతిలో దెబ్బ తిన్న ముసలాయనకు ఇప్పటికీ 115(2) ఒక్కటే దిక్కు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, కోర్టు వరండాల్లో నా తోటి న్యాయవాదులే అంటుంటారు. ప్రతి తోపులాటకూ ఎఫ్‌ఐఆర్ అయితే స్టేషన్లు పట్టవని, అన్నదమ్ముల గట్టు తగాదాలు కేసులై కౌంటర్ కేసులై కుటుంబాలు విడిపోతాయని, పోలీసుల చేతికి ఇంకో కర్ర ఇచ్చినట్టు అవుతుందని. చివరిదాన్ని నేను తేలికగా తీసుకోను. అందుకే అరెస్టుల గురించి కూడా చెప్పాలి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో ఇష్టానుసారం అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాగరిక్ సురక్షా సంహిత 35(3) ప్రకారం ముందు నోటీసే ఇవ్వాలి. కాబట్టి కాగ్నిజబుల్ చేయడం అంటే చెంపదెబ్బకు లాకప్ అని కాదు. బెయిలు హక్కుగా దొరికే నేరంగానే ఉంచండి. బాధితుడు ఒప్పుకుంటే రాజీ పడే వీలు ఇప్పుడు ఎలాగూ ఉంది, అదీ ఉంచండి. తేడా ఒక్కటే: రాజీకి వచ్చేటప్పుడు బాధితుడి చేతిలో ఒక ఎఫ్‌ఐఆర్ నంబరు ఉంటుంది. ఖాళీ చేతులతో పెద్దమనుషుల ముందు కూర్చోవడానికీ, నంబరు ఉన్న కాగితంతో కూర్చోవడానికీ ఎంత తేడానో పంచాయితీలు చేసే మీకు బాగా తెలుసు.

తోపులాటల భయం విషయానికి వస్తే, అందుకు చట్టంలోనే తలుపు ఉంది. మామూలు బుద్ధి ఉన్న మనిషెవరూ ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హాని అసలు నేరమే కాదని న్యాయ సంహిత 33వ సెక్షన్ చెబుతోంది. సంతలో భుజం తగిలినవాడు, క్యూలో తోసుకున్నవాడు దాని కింద బయటపడతాడు. అల్పమైన వాటిని వడపోయడానికి ఆ సెక్షన్ ఉండగా, నిజంగా దెబ్బ తిన్నవాళ్లందరినీ కలిపి కోర్టుకు తరమడం ఎందుకు? ఇక దొంగ కేసుల సంగతి. ఇప్పుడు దొంగ కర్రలు చేరుతున్నది చేతి దెబ్బకు చోటు లేకనే. చోటు ఇస్తే అవసరం తగ్గుతుంది.

నేను శిక్ష పెంచమని అడగడం లేదు. ఏడాది చాలు. నిజానికి చాలా కేసుల్లో జైలే అక్కరలేదు. కొత్త న్యాయ సంహితలో సమాజసేవ అనే శిక్షను మొదటిసారి తెచ్చారు. నలుగురిలో తాగి గొడవ చేసినవాడికి, పరువు నష్టం కలిగించినవాడికి, మొదటిసారి చిన్న దొంగతనం చేసి సొమ్ము తిరిగి ఇచ్చినవాడికి అది వర్తిస్తుంది. కొట్టినవాడికి మాత్రం వర్తించదు. ఎందుకు వదిలేశారో నాకు అంతుపట్టలేదు. కూలీని కొట్టిన మేస్త్రి ఏరియా ఆసుపత్రి ఆవరణ కొన్నాళ్లు ఊడిస్తే, అది అతను జేబులోంచి తీసి కట్టే జరిమానా కన్నా బలంగా గుర్తుంటుంది. ఊరికి కూడా గుర్తుంటుంది.

మీరు చేయగలిగింది ఏమిటంటారా? క్రిమినల్ చట్టమూ, క్రిమినల్ విచారణ పద్ధతీ రెండూ రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. రాష్ట్రం సవరణ చేయవచ్చు, కేంద్ర చట్టంతో తేడా వస్తే 254(2) ప్రకారం రాష్ట్రపతి ఆమోదం తీసుకోవచ్చు. మన రాష్ట్రానికి ఇది కొత్త కాదు. 498ఎ కేసుల్లో కోర్టు అనుమతితో రాజీ పడే వీలును 2003లో మన శాసనసభే చట్టంగా తెచ్చింది. మహిళల మీద నేరాల గురించి 2019లో సభ ఆమోదించిన దిశ బిల్లు మాత్రం రాష్ట్రపతి ఆమోదం దొరకక చట్టం కాలేదు. అందులో చాలా విషయాలు ఒకేసారి మార్చబోయారు. నేను అడుగుతున్నది నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూలులో 115(2)కు ఎదురుగా ఉన్న ఒక్క మాట మార్చడం. బిల్లు ఒక పేజీ దాటదు.

అంత కూడా ఒకేసారి కుదరదంటే మధ్యేమార్గం ఉంది. పని ఇచ్చేవాడు పనివాణ్ణి కొట్టినప్పుడు, ఒకే మనిషి మీద రెండోసారి ఫిర్యాదు వచ్చినప్పుడు, దెబ్బ తిన్నది పిల్లలూ, ముసలివాళ్లూ, వికలాంగులూ అయినప్పుడు కాగ్నిజబుల్ చేయండి. గృహహింస చట్టంలో ఒక మంచి పద్ధతి ఉంది. ముందు మేజిస్ట్రేటు రక్షణ ఆదేశం ఇస్తారు, దాన్ని ఉల్లంఘిస్తే 31వ సెక్షన్ కింద అది నేరుగా పోలీసు కేసు. ఆ పద్ధతిని ఇంటి గడప దాటించి పని స్థలాలకూ, ఇరుగుపొరుగుకూ తీసుకురావచ్చు.

సవరణ వచ్చేలోపు కూడా ఖాళీగా కూర్చోనక్కరలేదు. చేతి దెబ్బ ఫిర్యాదు పుస్తకంలో ఎక్కగానే దాని నకలు బాధితుడికి ఇవ్వాలని జిల్లా ఎస్పీలు ఒక మెమో ఇస్తే చాలు, ఏ చట్టమూ అడ్డు రాదు. ఇలాంటి ఫిర్యాదుల రోజువారీ నివేదికను పదిహేను రోజులకొకసారి మేజిస్ట్రేటుకు పంపాలని 174లో కొత్తగా రాశారు. పంపితే చాలదు, ఎవరో చదవాలి. దర్యాప్తుకు ఆదేశించాల్సినవి అందులోంచి ఏరాలి. హైకోర్టు దృష్టికి ఆ మాట తీసుకెళ్లడానికి న్యాయశాఖ మంత్రి ఒక లేఖ రాయవచ్చు. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకూ ప్రైవేటు కంప్లయింటు వేయడానికి ఉచితంగా న్యాయవాదిని ఇచ్చే బాధ్యత న్యాయసేవాధికార సంస్థలది. కోర్టుకు వెళ్లమని చెప్పే స్టేషన్ గోడ మీదే ఆ సంస్థ చిరునామా, ఫోను నంబరు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసి ఉండాలి. వెళ్లమని చెప్పేవాడు ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పాలి కదా.

వచ్చే సమావేశాల్లో మీలో ఒక్కరైనా హోం శాఖను ఒక ప్రశ్న అడగండి. 2024 జూలై 1 తర్వాత మన రెండు జిల్లాల్లో 115(2) కింద నాన్ కాగ్నిజబుల్‌గా పుస్తకాల్లో ఎక్కిన ఫిర్యాదులు ఎన్ని, వాటిలో మేజిస్ట్రేటు దర్యాప్తుకు ఆదేశించినవి ఎన్ని, బాధితులే కోర్టుకు వెళ్లి కేసు నడిపించుకున్నవి ఎన్ని. జవాబు స్టేషన్లవారీగా ఇవ్వమనండి. ఆ పుస్తకాలు స్టేషన్లలో ఉన్నాయి, కష్టపడి తయారు చేయాల్సిన లెక్క కాదు.

బిల్లు ముసాయిదా రాయడానికి మనిషి కావాలంటే నేను సిద్ధంగా ఉన్నాను. ఒంగోలు, నెల్లూరు, కావలి బార్‌లలో నాకన్నా అనుభవం ఉన్నవాళ్లు, ఇదే బాధ పడుతున్నవాళ్లు ఉన్నారు. పిలిస్తే వచ్చి మీ ముందు కూర్చుంటాం.

ఇట్లు,
ఒక న్యాయవాది,
ఒంగోలు